గణనయంత్రమునకు ఇచ్చు చీటీ: ఆర్ భాషలో కమాండ్ లైను ఆర్గ్యుమెంట్లు

మా ప్రాంతమున కారము మిల్లుకు పోని ఇల్లుండదు. ఎండుమిరపకాయలు డబ్బాలో పోసి, పైన ఒక చీటీ పెట్టి వచ్చుదుము. చీటీ మీద పేరు, ఎన్ని కిలోలు, మెత్తగా ఆడవలెనా బరకగా ఆడవలెనా అను మాట ఉండును. మిల్లు యజమాని ఇంటికొక మిల్లు కట్టడు. మిల్లు ఒక్కటే, మారునది చీటీ. గణనయంత్రమునకు వ్రాయు ప్రోగ్రాము కూడ ఇట్లే ఉండవలెను. దానికి బయటినుండి చీటీ ఎట్లు ఇయ్యవలెనో, ఆ చీటీని ప్రోగ్రాము ఎట్లు చదువవలెనో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క పని. చీటీని సరిగా చదువనందున మా విభాగమున జరిగిన ఒక పొరపాటును కూడ దాచక చెప్పుచున్నాము. ఆ పొరపాటు ఒక విద్యార్థి ఇంట ఎనుబది టిక్కీల మిర్చి మీదికి వచ్చినది.

ముందుగా భాషను గూర్చి రెండు మాటలు. 'ఆర్' అనునది గణాంకశాస్త్రపు పనులకై ఏర్పడిన ప్రోగ్రాము భాష. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో జాన్ చేంబర్సు, ఆయన సహచరులు 1976లో ఆరంభించిన 'ఎస్' భాష దీనికి మూలము. న్యూజీలాండు దేశపు ఆక్లండు విశ్వవిద్యాలయమున అధ్యాపకులుగా నుండిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనువారలు ఆర్ భాషను సృష్టించిరి. 1995లో అది అందరికిని ఉచితముగా అందినది. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 అను సంఖ్యతో వెలువడినది. మా తరగతిలో ఒక విద్యార్థి, "ఆర్ అంటే మన సి. ఆర్. రావుగారి పేరులోని ఆరేనా సార్?" అని అడిగినాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఆ గణాంకవేత్తకు అట్టి గౌరవము దక్కిన మనకును సంతోషమే. కాని ఆ అక్షరము రాస్, రాబర్ట్ అను పేర్ల మొదటి అక్షరము, ఎస్ భాష పేరుకు ఒక చమత్కారపు జవాబు కూడ. ఈ భాషకు లైసెన్సు రుసుము లేదు. కళాశాలలోనున్న పాత యంత్రములపై కూడ అది నడచును. కమిటీ పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.

ఇక మా పని. గుంటూరు మిర్చి యార్డున ప్రతి వ్యాపార దినమున రకముల వారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ప్రకటింపబడును. ఈ మూడవదానిని మోడల్ ధర యందురు. మా విద్యార్థులు ఈ ధరలను తేదీల వారీగా ఒక ఫైలున చేర్చుచు వచ్చిరి. తేజ, 334 మొదలగు రకములకు వేర్వేరు వరుసలు. ప్రోగ్రాము చేయవలసినది మిక్కిలి చిన్న పని: ఒక రకము పేరు, ఒక ధర చెప్పినచో, ఆ రకము ఎన్ని దినములు ఆ ధరను దాటి పలికినదో లెక్కించి చెప్పవలెను.

మొదట వ్రాసిన ప్రోగ్రామున రకము పేరు, ధర, ఫైలు పేరు లోపలనే వ్రాయబడినవి. అనగా చీటీలోని మాటలను మిల్లు రాతిపైననే చెక్కినారు! తేజకు లెక్క కావలెనన్న ప్రోగ్రాము తెరచి 334 తుడిచి తేజ అని వ్రాయుట. మరల 334 కావలెనన్న తేజను తుడుచుట. ఒకరు లెక్క చేయు పంక్తిలో రకము మార్చి, శీర్షిక అచ్చువేయు పంక్తిలో మార్చుట మరచిరి. ఇంకేమున్నది, తేజ లెక్కలు 334 శీర్షిక క్రింద గోడపత్రికకు ఎక్కినవి. ప్రోగ్రామును ముట్టుకొనినకొలది అది చెడును. కనుక మారు మాటలను బయటినుండి ఇయ్యవలెనని నిశ్చయించుకొంటిమి.

బయటినుండి ఇచ్చు మార్గమే కమాండ్ లైను. యంత్రపు నల్లని తెరపై ప్రోగ్రాము పేరు టైపు చేసి, దాని వెనుక కావలసిన మాటలను వరుసగా చేర్చుదుము. ఆ వెనుకటి మాటలకే ఆర్గ్యుమెంట్లని పేరు. యంత్రమునందు ఇవన్నియు రోమను అక్షరములతోనే టైపు చేయవలెను. పత్రిక కొరకు తెలుగు లిపిలో చూపుచున్నాము.

ఆర్‌స్క్రిప్ట్ ధర.ఆర్ మిర్చి.సిఎస్‌వి 334 9500

ఇందు ఆర్‌స్క్రిప్ట్ అనునది ఆర్ ప్రోగ్రామును నడుపు పనిముట్టు. 2007లో వచ్చిన 2.5.0తో ఇది ఆర్ భాషకు చేరినది. 'ధర.ఆర్' మన ప్రోగ్రాము. తక్కిన మూడును చీటీ: ఏ ఫైలు, ఏ రకము, ఏ ధర. ఒక చిన్న నియమము కలదు. ప్రోగ్రాము పేరుకు ముందు ఏదైన మాట వ్రాసిన అది ఆర్‌స్క్రిప్టునకు చెందును. తరువాత వ్రాసినదే మన ప్రోగ్రామునకు చెందును.

లోపల ఈ చీటీని అందుకొను ఫంక్షను పేరు కమాండ్‌ఆర్గ్స్. ఇందు ఆర్గ్స్ మొదటి అక్షరము మాత్రము పెద్ద అక్షరము. ఆర్ భాషకు చిన్న అక్షరము వేరు, పెద్ద అక్షరము వేరు. ఈ భేదమును మరచిన విద్యార్థి 'అట్టి ఫంక్షను లేదు' అను జవాబు చూచి అరగంట తల గోక్కొనును.

దీనిని ఊరక పిలిచినచో ఒక వింత కనబడును. మనము ఇచ్చినవి మూడు మాటలు. తెరపై వచ్చునవి ఎనిమిది. మొదట ఆర్ యంత్రములో నున్న చోటు, తరువాత ఆర్‌స్క్రిప్ట్ తనంతట చేర్చిన రెండు సూచనలు, పిమ్మట ప్రోగ్రాము ఫైలు పేరు, ఆపైన 'ఆర్గ్స్' అను హద్దురాయి, ఆ హద్దు దాటిన పిదప మన మూడు మాటలు. కొందరు ఆరవ మాటనుండి మనవి మొదలగునని లెక్కించి ఆరు అను అంకెను ప్రోగ్రామున వ్రాసికొందురు. ఇది ప్రమాదము. ఆర్‌స్క్రిప్టునకు ఒక్క సూచన అధికముగా ఇచ్చిన ఆ లెక్క తప్పును. ముందు సూచనల వ్రాత కూడ స్థిరము కాదు. 2020లో వచ్చిన 4.0.0తో వానిలో ఒకదాని పేరే మారినది. సరియైన మార్గము, హద్దురాయికి వెనుకనున్నవే ఇమ్మని అడుగుట:

ఆర్గ్స్ <- కమాండ్‌ఆర్గ్స్(ట్రైలింగ్‌ఓన్లీ = ట్రూ)

ఇప్పుడు ఆర్గ్స్ అను పేరున మూడు మాటలే యుండును. ఆర్ భాష ఒకటినుండి లెక్కించును గనుక మొదటిది ఆర్గ్స్[1]. సి, పైథాన్ భాషలు నేర్చినవారు సున్నానుండి లెక్కించుటకు అలవాటుపడి యుందురు. అచట సున్నా స్థానమున ప్రోగ్రాము పేరే యుండును. వారు ఇచట కొంచెము జాగ్రత్త వహింపవలెను.

ఇంతవరకు పాఠ్యపుస్తకపు సంగతి. మా విద్యార్థియు ఇంతవరకు చక్కగానే వ్రాసినాడు. మూడవ మాటను 'పరిమితి' యని పేరిడి, ధర ఈ పరిమితికంటె ఎక్కువగానున్న దినములెన్నియని లెక్కించినాడు. ఒక సీజను ధరలతో పరీక్షించినాడు. చేతితో లెక్కించిన దానితో సరిపోయినది. మేమును చూచి బాగున్నదంటిమి. ఆ 'బాగున్నది' అనుటలో మా వంతు తప్పు కలదు. ఏలయో ముందు తెలియును.

ఆ విద్యార్థి తండ్రిగారు మిర్చి రైతు. ఆ ఏడు ఎనుబది టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టియుండిరి. క్వింటాలు 9500 చొప్పున ఇచ్చెదవా యని ఒకరు బేరము పెట్టినారు. వెనుకటి సీజనున ఈ ధరను దాటి ఎన్ని దినములు పలికినదో చూచి చెప్పుమని తండ్రి కుమారుని అడిగినారు. కుమారుడు ఉత్సాహముగా పైన చూపిన ఆదేశమునే టైపు చేసినాడు. ఆ దినములు వ్రేళ్ళపై లెక్కింపదగినంత తక్కువగా వచ్చినవి.

"అంతకంటే ఎక్కువ పలికిన రోజులు లేనే లేవు నాన్నా, ఇచ్చేద్దాం," అన్నాడట.

"ఏందిరా లేనిది? నిరుడు సంక్రాంతి తరువాత పన్నెండు వేలు పలికితే యార్డులో నా పక్కన నిలబడింది నువ్వు కాదా?" అన్నారట ఆయన.

మరునాడు ఆ కుర్రవాడు మా గదికి వచ్చి, ముఖము చిన్నబుచ్చుకొని, "సార్, ఫైలులో పన్నెండు వేలు ఉంది. ప్రోగ్రాం మాత్రం లేదంటోంది," అని చెప్పినాడు. టిక్కీకి నలుబది కిలోల చొప్పున ఎనుబది టిక్కీలు ముప్పదిరెండు క్వింటాళ్ళు. పన్నెండు వేలకును తొమ్మిదివేల ఐదువందలకును నడుమ క్వింటాలుకు 2500. అనగా ఎనుబది వేల రూపాయల బేరమును ఒక తప్పుడు లెక్క మీద తెంచుకొనబోయిరి. మరల అట్టి ధర వచ్చునని ఎవరును హామీ ఇయ్యలేరు, అది వేరు మాట; కాని ఉన్న ధరను లేదని చెప్పుట యంత్రమునకు తగునా?

కారణము వెదకుటకు మాకు కొంతసేపు పట్టినది. ఫైలు సరిగానున్నది. ప్రోగ్రామున తప్పు పంక్తి లేదు. ఏ హెచ్చరికయు రాలేదు. కొస కేమనగా, కమాండ్ లైనునుండి వచ్చు ప్రతి మాటయు అక్షరముల మూటయే. మన కంటికి 9500 అంకె. యంత్రమునకు అది తొమ్మిది, ఐదు, సున్నా, సున్నా అను నాలుగు గుర్తుల వరుస, అంతే. కమాండ్‌ఆర్గ్స్ దానిని అట్లే అందించును, అంకెగా మార్చదు. ఫైలులోని ధరలు మాత్రము నిజమైన అంకెలు. అంకెను మాటతో పోల్చుమని అడిగినపుడు ఆర్ భాష ఏమి చేయును? కాదనదు. అంకెనే మాటగా మార్చి, రెండు మాటలను నిఘంటువు క్రమమున పోల్చును.

నిఘంటువు క్రమమనగా పొడవు చూడక మొదటి అక్షరము చూచుట. తెలుగు నిఘంటువున అరటిపండు ఎంత పొడవైనను ఆవు కంటె ముందే వచ్చును. ఉర్దూ నిఘంటువున అలిఫ్‌తో మొదలగు పదము బే తో మొదలగు పదమునకు ముందే. అదే విధమున 12000 ఒకటితో మొదలగును, 9500 తొమ్మిదితో మొదలగును. ఒకటి ముందు, తొమ్మిది వెనుక. కావున 12000 చిన్నది! యంత్రపు న్యాయము ఇట్లున్నది.

లెక్క తేలికకై అయిదు దినముల ధరలు కల్పించి చూతము: 8800, 9700, 10400, 12000, 12600. ఇందు 9500 దాటినవి నాలుగు. నిఘంటువు క్రమమున చూచిన దాటినది 9700 ఒక్కటే. ఇప్పుడు పరిమితిని 11000 చేయుదము. నిజమునకు దాటినవి రెండు. యంత్రమునకు మాత్రము 8800, 9700, 12000, 12600 అను నాలుగును దాటినవే. చూడుడు, పరిమితి పెంచగా దినములు పెరిగినవి! ఎత్తైన గోడను ఎక్కువమంది దూకిరనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఈ ఒక్క పరీక్ష, అనగా పరిమితిని పెంచి దినములు తగ్గునో లేదో చూచుట, మేము ముందే చేసియుండిన తప్పు నాడే బయటపడెడిది. మొదటి పరీక్ష ఏల నెగ్గినదన్న, ఆ సీజను ధరలన్నియు, మేమిచ్చిన పరిమితియు అయిదంకెలవే. అంకెల సంఖ్య సమముగానున్నపుడు నిఘంటువు క్రమమును, విలువ క్రమమును ఒక్కటియే యగును. ధర పదివేలకు అటునిటు ఊగు సీజనునందే దాని గుట్టు బయటపడును. మిర్చి ధర ఊగనిదెన్నడు?

ఇంకొక సంగతి మమ్ము ఆశ్చర్యపరచినది. అదే మూడవ మాటకు నూరు కలుపుమన్నచో ఆర్ ఒప్పుకొనదు. అంకె కానిదానిని కూడలేనని అప్పుడే ఆగును. కూడికకు ఆగునది, పోలికకు ఆగదు. ఆగిన తప్పు మంచిది, మనలను పిలిచి చూపును. ఆగక జవాబు చెప్పు తప్పే చెరుపు.

మందు ఒక్క పంక్తి. మాటను అంకెగా మార్చు ఫంక్షను యాజ్.న్యూమరిక్, నడుమ చుక్క మరువరాదు.

పరిమితి <- యాజ్.న్యూమరిక్(ఆర్గ్స్[3])

అయితే ఇచటను ఒక మెలిక యున్నది. మార్చుటకు వీలుకాని మాట ఇచ్చినచో ఆర్ 'ఎన్‌ఏ' యను గుర్తును, అనగా విలువ లేదను గుర్తును, ఇచ్చి ఒక హెచ్చరిక పలికి ముందుకు సాగును. వీలుకాని మాట యెట్టిదందురా? మనవారు వ్రాయునట్లు 12,000 అని కామాతో వ్రాసిన చాలును, అది ఎన్‌ఏ. మాతృభాషాభిమానముతో ౯౫౦౦ అని తెలుగు అంకెలలో ఇచ్చినను ఎన్‌ఏ. ఇచ్చుటయే మరచినచో, లేని మూడవ మాటను అడిగినందుకు ఆర్ కోపగించుకొనదు, అపుడును ఎన్‌ఏయే. కావున మార్చిన వెంటనే చూడవలెను. మేము ఇప్పుడు ప్రతి ప్రోగ్రాము తలవాకిట ఈ పంక్తులు నిలుపుచున్నాము:

ఇఫ్ (లెంగ్త్(ఆర్గ్స్) != 3) స్టాప్("ఫైలు, రకము, ధర అను మూడు మాటలు కావలెను")
ఇఫ్ (ఈజ్.ఎన్‌ఏ(పరిమితి)) స్టాప్("ధరను కామా లేకుండ అంకెలతో వ్రాయుడు")

మొదటి పంక్తి చీటీలో ఎన్ని మాటలున్నవో లెక్కించును. ఇది అన్నిటికంటె ముందుండవలెను. రెండవది ధరను అంకెగా మార్చిన పంక్తికి వెనుక నుండవలెను. స్టాప్ అనునది ప్రోగ్రామును అచటనే ఆపి, మనము వ్రాసిన వాక్యమును తెరపై చూపును; పని చెడినదను సంకేతమును యంత్రమునకు కూడ అందించును. రాత్రివేళ ఒకదాని వెంట ఒకటిగా పది ప్రోగ్రాములు నడపునపుడు ఆ సంకేతమే కావలికాయును. మొదటిది చెడినచో రెండవదానిని ఆపవచ్చును. వాక్యమును మాత్రము ఇంటివారికి అర్థమగునట్లు వ్రాయవలెను. 'తప్పు సంఖ్య 7' అని వ్రాసిన ఎవరికి ఉపయోగము?

అన్నిటిని అంకెలుగా మార్చివేసిన పోలేదా యని కొందరు తొందరపడుదురు. పోదు. రెండవ మాటయైన 334ను చూడుడు. అది అంకెల రూపముననున్న పేరు. గుంటూరు చెంతనున్న లాం వ్యవసాయ పరిశోధనా స్థానము వెలువరించిన ఎల్.సి.ఎ. 334 రకమునకు రైతులు పిలుచు పొట్టి పేరు. దానిని మాటగానే ఉంచవలెను. తేజ అనుచోట అంకె ఎట్లును పుట్టదు గదా. ఏది కొలత, ఏది పేరు అను వివేకము ప్రోగ్రాము వ్రాయువానిది.

పంట సంవత్సరమును గూర్చి జరిగిన ముచ్చట ఒకటి చెప్పవలెను. నల్ల తామరపురుగు మిరప తోటలను పాడుచేసిన 2021-22 సంవత్సరమును విడిగా చూడవలెనని తలంచి, ఒక విద్యార్థి నాలుగవ మాటగా 2021-22 అని ఇచ్చినాడు. అంకెగా మార్చబోగా ఎన్‌ఏ వచ్చినది. పట్టువదలక, మాటను ఆర్ వాక్యముగానే భావించి అమలుపరచు ఈవల్, పార్స్ అను రెండు ఫంక్షన్లను ఎచటనో చూచి వచ్చి వాడినాడు. జవాబు వచ్చినది: 1999. యంత్రము 2021లోనుండి 22ను తీసివేసినది! తరగతి అంతయు నవ్వినది గాని, ఇది నవ్వి విడువదగినది కాదు. చీటీలో వచ్చిన మాటను వాక్యముగా అమలుపరచుట ఆరంభించినచో, ఫైళ్ళను తుడిచివేయుమని వ్రాసిన చీటీని కూడ అట్లే అమలుపరచును. బయటినుండి వచ్చిన మాటను చదువవలెను గాని శిరసావహింపరాదు. 2021-22ను మాటగానే ఉంచి, ఫైలులోని సంవత్సరపు గడితో పోల్చుటతో ఆ పని తీరినది.

పేర్లను పోల్చుటలోను ఒక లోతు కలదు. లేని పేరు ఇచ్చినచో, ఉదాహరణకు తేజ అనుటకు తేజా అని టైపు చేసినచో, ఏ వరుసయు సరిపోలదు. ఎన్ని దినములన్న ప్రశ్నకు 0 అని జవాబు వచ్చును. ఈ సున్నా మిక్కిలి మోసకరము. ధర దాటలేదను నిజమైన సున్నాకును, పేరే లేదను సున్నాకును తెరపై భేదము కనబడదు. జిల్లా పేర్లతో కూడ మాకు ఇదే యనుభవము. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినవి. నరసరావుపేట, సత్తెనపల్లి పాత ఫైళ్ళలో గుంటూరు జిల్లాలోనుండును, క్రొత్త ఫైళ్ళలో పల్నాడు జిల్లాలోనుండును. పాత పత్తి ఫైలుకు పల్నాడు అను మాట ఇచ్చి సగటు అడిగినచో 'ఎన్‌ఏఎన్' అని వచ్చును, అనగా సంఖ్య కానిది. సగటు అడిగిన కనుక ఆ మాత్రమైన తెలిసినది; దినములడిగిన సున్నాయే వచ్చెడిది. కావున ఇచ్చిన పేరు ఫైలులోని పేర్లలో ఉన్నదా యని ముందే విచారించి, లేనిచో ఉన్న పేర్లన్నియు చూపి ఆగునట్లు చేసితిమి.

విడి చోట్ల విషయము చిన్నదే గాని క్రొత్తవారు తరచు పడు గుంట. కమాండ్ లైను ఖాళీ చోటును చూచి మాటలను విడదీయును. గుంటూరు సన్నం అని ఇచ్చిన అవి రెండు మాటలు. ఒకటిగా పోవలెనన్న జంట కొటేషన్ గుర్తుల నడుమ ఉంచవలెను. తెలుగు లిపిలోనే ఆర్గ్యుమెంటు ఇయ్యగోరువారు ఆర్ 4.2.0కు, అనగా 2022కు, తరువాతి కూర్పు వాడుట మేలు. విండోసు యంత్రములపై ఆర్ యు.టి.ఎఫ్.-8 లిపిసంకేతమునకు మారినది అప్పుడే.

మాటలు మూడున్నంతవరకు వరుస గుర్తుండును. ఆరు, ఏడు అయినపుడు ఏది ముందో ఏది వెనుకో తారుమారగును. రకము స్థానమున 9500, ధర స్థానమున 334 పడినచో రెండును అంకెల రూపముననే యున్నవి గనుక మార్పు పరీక్షయు నెగ్గును. అపుడు ప్రతి మాటకు పేరు తగిలించి ఇచ్చు పద్ధతి మేలు. ట్రెవర్ డేవిస్ నిర్వహించు ఆప్ట్‌పార్స్ అను ప్యాకేజీ ఇందులకు ఉపకరించును. దానితో వ్రాసిన ప్రోగ్రామును ఇట్లు పిలువవచ్చును:

ఆర్‌స్క్రిప్ట్ ధర.ఆర్ --రకము=334 --పరిమితి=9500

వరుస మారినను నష్టము లేదు. ఏది అంకె, ఏది మాట యని ముందే ప్రకటించిన ప్యాకేజీయే మార్చి ఇచ్చును. ఇయ్యని మాటకు బదులు ఏ విలువ తీసికొనవలెనో చెప్పవచ్చును. హెల్ప్ అని అడిగినచో మాటల పట్టికను వివరణతో తానే చూపును. అయినను క్రొత్త విద్యార్థులకు దీనిని మొదటనే ఇయ్యరాదని మా అభిప్రాయము. కమాండ్‌ఆర్గ్స్‌తో నాలుగు తప్పులు చేసిన పిదప ఇచ్చినచో ఇది ఏ పని తప్పించుచున్నదో తెలియును.

కమాండ్ లైనున ఇయ్యరానిది ఒకటి కలదు: రహస్యపదము. పలువురు వాడు యూనిక్సు తరగతి యంత్రములపై, ఒకరు నడుపుచున్న ప్రోగ్రాము ఆర్గ్యుమెంట్లను సాధారణముగా మరియొకరు తమ తెరపై చూడగలరు. మార్కుల ఫైలు తాళపుచెవిని చీటీపై వ్రాసి నడివీధిలో నడుచుట వంటిది. పరీక్షా విభాగమువారు దీనిని గుర్తింతురని మనవి.

ఇప్పుడు మా విభాగమున ప్రోగ్రామును ఎవరును తెరచి దిద్దరు. ఏ రకమునకు, ఏ సీజనునకు ఏమి అడిగితిమో ఆ ఆదేశములన్నియు ఒక చిన్న ఫైలున వరుసగా వ్రాసి యుంచుచున్నాము. ఆరు నెలల తరువాత గోడపత్రికలోని ఒక అంకెను ఎవరైన ప్రశ్నించినచో, ఆ అంకె ఏ ఆదేశమునుండి వచ్చినదో చూచి మరల నడిపి చూపవచ్చును. తేజ లెక్కలు 334 శీర్షిక క్రిందికి పోవుట మరల జరుగలేదు; శీర్షిక కూడ చీటీలోని మాటనుండియే వచ్చుచున్నది.

దిద్దిన ప్రోగ్రాముతో ఆ విద్యార్థి అదే ప్రశ్నను మరల అడిగి, జవాబును తీసికొని ఇంటికి పోయినాడు. తండ్రిగారు 9500 బేరమును అప్పటికి ఒప్పుకొనలేదు. కాగితము చూచి, "ఇదంతా మంచి కాయ ధర. మరి తాలు ఎంత పలికింది?" అని అడిగినారట. మా ఫైలులో తాలు కాయకు గడి లేదు. ఈ సీజనునుండి వ్రాయుట మొదలుపెట్టినాము. చీటీలో నాలుగవ మాట కొరకు మొదటి పరీక్ష పంక్తిలోని 3ను 4గా మార్చవలసి యున్నది.